పూరీలా పొంగిన ప్లైవుడ్: పోప్లర్ కర్రలో దాక్కున్న తేమ

జిగురు పూసిన కర్ర పొరల్ని వేడితో నొక్కి ప్లైవుడ్‌గా అతికించే హాట్ ప్రెస్ తెరుచుకునేటప్పుడు మామూలుగా వినబడేది ఆవిరి బుస్సుమనడం ఒక్కటే. జులై రెండో వారంలో ఒక ఉదయం దాంతోపాటు 'టప్... టప్ టప్' అని కూడా వినబడింది. టీ గ్లాసు పక్కన పెట్టి వెళ్లేసరికి ప్రెస్ మిస్త్రీ అప్పటికే ఒక బోర్డు బయటికి లాగి అరచేత్తో తట్టి చూస్తున్నాడు. అన్ని చోట్లా గట్టిగా మోగుతోంది, నడిమధ్య ఒక చోట మాత్రం డప్పు. అక్కడ బోర్డు పూరీలా పొంగి ఉంది. ప్రెస్‌లో పది అరలు, పది బోర్డులు. నాలుగు పోయాయి.

అవి 19 మి.మీ. మందం, 8 బై 4 సైజు, పీఎఫ్ (ఫినాల్ ఫార్మాల్డిహైడ్) జిగురుతో చేసే బీడబ్ల్యూఆర్ గ్రేడు బోర్డులు, అంటే మరిగే నీటిని తట్టుకోవాల్సినవి. లోపలి పొరలన్నీ పోప్లర్. పొంగిన చోట కోసి చూస్తే మూడో జిగురు గీత దగ్గర పొరలు విడిపోయి ఉన్నాయి, జిగురు ముదురు గోధుమ రంగులో సగం ఉడికి మెరుస్తోంది. చెయ్యి పెడితే తడి. ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన వాసన. ఆ వాసనను అప్పుడే పట్టించుకుని ఉంటే మూడు వారాలు కలిసొచ్చేవి. పట్టించుకోలేదు.

మాది గోదావరి జిల్లా. బెంగళూరులో ప్లైవుడ్ టెక్నాలజీ చదువుకుని, తిరిగి తిరిగి హర్యానాలోని యమునానగర్‌లో ఒక మధ్యరకం ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసే పనిలో కుదిరాను. మనవైపు వాళ్లకు పోప్లర్ చెట్టు తెలియదు. చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోవాల్సిన చెట్టు అది. మనవైపు అంత చలి ఉండదు, అక్కడ అది సరిగ్గా ఎదగదు. ఉత్తరాన పంజాబ్, హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ తరాయి ప్రాంతాల్లో గోధుమ చేల గట్ల మీద సర్వేరాళ్లు పాతినట్టు వరసగా నిలబడి ఉంటుంది. చలికాలంలో ఆకు ఉండదు కాబట్టి కింద గోధుమకు ఎండ తగులుతుంది. 1980ల్లో విమ్కో అగ్గిపెట్టెల కంపెనీ పుల్లల కోసం రైతుల చేత నాటించింది. 1996లో సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసులో అడవుల నరికివేతకు అడ్డుకట్ట వేశాక ప్లైవుడ్ పరిశ్రమ మొత్తం పొలం కర్ర వైపు తిరిగింది. యమునానగర్‌ను ప్లైవుడ్ పట్నం చేసింది ఈ చెట్టే. ఇక్కడి రైతులు దీన్ని 'పాపులర్' అంటారు, యూకలిప్టస్‌ను 'సఫేదా' అంటారు. మొదట్లో ఒక రైతు 'మా పొలంలో అంతా పాపులరే' అంటే ఏదో గొప్ప చెప్పుకుంటున్నాడనుకున్నాను.

బబుల్ (బోర్డులో ఆ పొంగును మేం అలా అంటాం) వచ్చిన రోజున ఫ్యాక్టరీలో ఎవరి అనుమానం వాళ్లది. ఓనరు జిగురు వంటగది మీద పడ్డాడు, కొత్త బ్యాచ్ రెజిన్ (జిగురుకు ముడిసరుకు) పలచగా ఉందన్నాడు. రెజిన్ వండే ఆయన జిగురులో పిండి కలిపినవాడి మీదికి తోశాడు. ప్రెస్ మిస్త్రీ ఎవరినీ ఏమీ అనకుండా ప్లాటెన్ (ప్రెస్‌లో నొక్కే ఇనుప పలక) వేడి 135 డిగ్రీల నుంచి 145కి పెంచేశాడు. జిగురు సరిగ్గా ఉడకడం లేదు, ఇంకాస్త మంట పెడితే సరి అని ఆయన లెక్క. మర్నాడు పదిలో నాలుగు కాస్తా ఆరయ్యాయి.

ఇది అర్థం కావాలంటే ప్రెషర్ కుక్కర్ గుర్తు తెచ్చుకోవాలి. బోర్డు మధ్యలో ఉన్న నీరు ప్రెస్ ఒత్తిడి కింద ఉన్నంతసేపూ ఆవిరై బయటికి పోలేక లోపలే బిగుసుకుని ఉంటుంది. 135 డిగ్రీల దగ్గర ఆ ఆవిరి బయటి గాలి కన్నా చదరపు సెంటీమీటరుకు 2 కిలోల పైచిలుకు ఎక్కువ ఒత్తిడితో తోస్తూ ఉంటుంది. 145 దగ్గర అది 3 కిలోలు దాటుతుంది. పది డిగ్రీలు పెంచితే తోపు సగానికి సగం పెరిగిందన్నమాట. ప్రెస్ తెరిచిన క్షణంలో పైనున్న బరువు పోతుంది, ఆవిరి మాత్రం అక్కడే ఉంటుంది. జిగురు ఇంకా వేడిగా, పూర్తిగా బిగియకుండా ఉంటే పొరల్ని విడదీసుకుని వచ్చేస్తుంది. 'టప్' అన్నది అదే.

అంటే లోపల నీళ్లున్నాయి. కానీ డ్రయ్యర్ రిజిస్టర్ తీస్తే పత్తా తేమ 6, 7, 6, 6, 7 శాతం. (దుంగ నుంచి ఒలిచిన పలచని పొరను, అంటే వినీర్‌ను, ఇక్కడ పత్తా అంటారు, నాకూ అదే అలవాటైంది.) పీఎఫ్ జిగురుకు మేం పెట్టుకున్న హద్దు 4 నుంచి 6, మహా అయితే 7. అంత తక్కువ ఎందుకంటే జిగురులోనే దాదాపు సగం నీళ్లు. 2 మి.మీ. పత్తా చదరపు మీటరు సుమారు 800 గ్రాములు. రెండు వైపులా కలిపి 300 గ్రాముల జిగురు పూస్తే 150 గ్రాముల నీళ్లు చేరినట్టే. జిగురు ఒక పత్తా విడిచి ఒక పత్తాకు పూస్తాం కాబట్టి, ఆ నీళ్లు రెండు పత్తాలకు పంచుకున్నా ఇంకో 9 శాతం తేమ. పత్తా 6 దగ్గర మొదలైతే ప్రెస్‌లోకి వెళ్లేటప్పటికి ఇంచుమించు 15. అక్కడి దాకా పీఎఫ్ తట్టుకుంటుంది, పైకి పోతే కష్టం. రిజిస్టర్ ప్రకారం మేం హద్దులోనే ఉన్నాం. నేను రిజిస్టర్‌ను నమ్మాను. ఈ మొత్తం వ్యవహారంలో నా తప్పు అదే, పెద్ద తప్పే.

నూరు కిలోల దుంగలో కర్రెంత?

పోప్లర్‌కూ నీటికీ ఉన్న సంబంధం గురించి ఇక్కడ కాస్త చెప్పాలి.

కర్ర తేమ శాతాన్ని ఎండు కర్ర బరువు మీద లెక్కిస్తాం. అందుకే అది నూరు దాటుతుంది. కొత్తగా చేరిన ఇంజినీర్లు దీని దగ్గరే తికమక పడతారు. ఇక్కడి పొలాల్లో పెంచేది అమెరికా నుంచి వచ్చిన పోప్లర్ జాతి, అక్కడ దాన్ని ఈస్టర్న్ కాటన్‌వుడ్ అంటారు. పచ్చిగా ఉన్నప్పుడు దాని బయటి తెల్ల కర్రలో సుమారు 146 శాతం, లోపలి చేవలో సుమారు 162 శాతం తేమ ఉంటుందని అమెరికా అటవీశాఖ ప్రయోగశాల పట్టికల్లో ఉంది. చాలా చెట్లలో బయట తడి, లోపల పొడి. ఇందులో లోపలే ఎక్కువ తడి.

సుమారుగా 150 అనుకుందాం. నూరు కిలోల దుంగలో కర్ర 40 కిలోలు, నీళ్లు 60 కిలోలు. అదే దుంగ యార్డులో పడి ఉండి 100 శాతానికి దిగితే బరువు 80 కిలోలు. కర్ర మాత్రం అదే 40. ఇక్కడ పోప్లర్‌ను అమ్మేది క్వింటాళ్లలో, బరువు మీద. అంటే వారం ఆలస్యం చేసిన రైతు జేబులోంచి నీళ్లు ఆవిరైపోతాయి, అదే రోజు కొన్న ఫ్యాక్టరీ ఆ నీళ్లకు కూడా డబ్బు కడుతుంది. అందుకే ఉదయం నరికిన చెట్టు సాయంత్రానికి కాంటా ఎక్కుతుంది.

ఫ్యాక్టరీకీ తడి దుంగే కావాలి, అది వేరే సంగతి. పోప్లర్‌ను ఉడకబెట్టకుండా నేరుగా లేత్ మీద, అంటే దుంగను తిప్పుతూ కత్తితో పొరగా తీసే యంత్రం మీద, ఒలుస్తాం. తడిగా ఉంటే కత్తి కింద వెన్నలా జారుతుంది. ఆరిన దుంగ అయితే పత్తా గరుకుగా వస్తుంది, వెనకవైపు పగుళ్లు, చివర్లు చిరుగుతాయి. కాబట్టి ఒలిచేదాకా నీరు చుట్టం, ఒలిచిన మరుక్షణం నుంచి శత్రువు.

కణాల గోడలు తడితో నిండి, ఖాళీల్లో నీరు లేని స్థితి సుమారు 28 నుంచి 30 శాతం దగ్గర వస్తుంది. ఆ పైనున్న నీరు పోతున్నంతసేపూ కర్ర బరువు తగ్గుతుందే తప్ప కొలతలు మారవు. అక్కడి నుంచి కిందికి దిగేటప్పుడే కుంచించుకుపోవడం, గట్టిపడటం. ఈ జాతి పచ్చి నుంచి పూర్తిగా ఎండేసరికి వలయాల వెంట 9.2 శాతం, వాటికి అడ్డంగా 3.9 శాతం కుంచించుకుపోతుంది. బలం కూడా అలాగే. నారల వెంట నొక్కితే తట్టుకునే శక్తి పచ్చిలో 15.7 మెగాపాస్కల్‌లు, 12 శాతానికి ఆరితే 33.9. రెట్టింపుకు మించి. ఇది పుస్తకంలో చదివినప్పుడు పరీక్ష కోసం బట్టీ పట్టిన అంకె. ప్రెస్ దగ్గర మాత్రం దాని అర్థం వేరు: బోర్డులో తడి ఉన్న చోటు మెత్తగా నలిగి పల్లమవుతుంది. మా బోర్డులు కొన్ని మైక్రోమీటరు పెడితే అంచుల్లో 19, మధ్యలో 18.3 చూపించేవి. అదీ అదే రోగమని అప్పటికి తెలియదు.

ఆరు ముక్కలు

ఆగస్టు మొదట్లో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి పని ఆగింది. చేసేదేమీ లేక, పొంగిన బోర్డు నుంచి ఊడిన ఒక కోర్ (లోపలి పొర) పత్తాను వెలుతురులోకి పట్టుకుని చూశాను. తెల్లటి కర్ర మధ్యలో బెత్తెడు వెడల్పున బూడిద గోధుమ రంగు చార. ఆ చార మీద పత్తా అప్పడంలా అలలు అలలుగా ముడుచుకుని ఉంది. వాసన చూశాను, మళ్లీ పులుపు. పొంగు సరిగ్గా ఆ చార మీదే ఉంది.

కరెంటు వచ్చాక డ్రయ్యర్ నుంచి అప్పుడే బయటపడిన పత్తాల్లో అలాంటి చార ఉన్నదొకటి వెతికి తీసుకున్నాను. దాని నుంచి ఆరు ముక్కలు కోశాను, ఐదు తెల్ల భాగం నుంచి, ఒకటి చార నుంచి. ముక్క మీద పెన్సిల్‌తో నంబరు, వెంటనే తూకం. వెంటనే అంటే వెంటనే. వర్షాకాలపు గాలిలో పలచని పత్తా ఐదు నిమిషాలు బల్ల మీద ఉన్నా తేమ పీల్చేస్తుంది. తరవాత ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర రాత్రంతా. పొద్దున్న మళ్లీ తూకం, గంట ఆగి ఇంకోసారి. బరువు కదలకపోతే ఎండినట్టు.

తెల్ల ముక్క ఒకటి 42.6 గ్రాముల నుంచి 39.8కి దిగింది. పోయిన నీళ్లు 2.8, భాగిస్తే 7 శాతం. మిగతా నాలుగూ 6 నుంచి 8 లోపే. చార ముక్క 46.9 నుంచి 38.1కి దిగింది. పోయిన నీళ్లు 8.8 గ్రాములు, తేమ 23 శాతం.

ఒకే పత్తా, ఒకే డ్రయ్యర్, ఒకే నిమిషాలు. పత్తాలో పదో వంతు చార ఉందనుకున్నా మొత్తం సగటు 8.6 మాత్రమే అవుతుంది. సగటు చూసేవాడికి కొంచెం ఎక్కువ, అంతే. పొంగేది మాత్రం సగటు కాదు, ఆ చార.

ఇంతకూ మీటరు ఎందుకు పట్టుకోలేదు? డ్రయ్యర్ దగ్గర రీడింగ్ తీసే కుర్రాణ్ని పిలిచి, ఎలా తీస్తావో చూపించమన్నాను. పిన్ మీటరు (సూదులు గుచ్చి, కర్రలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చూసి తేమ చెప్పేది) పట్టుకుని చకచకా అంచుల దగ్గర రెండు చోట్ల గుచ్చాడు. 6, 7. మధ్యలో నల్ల చార మీద గుచ్చమన్నాను.

'అక్కడ వద్దు సాబ్, అక్కడ మీటరుకు పిచ్చి పడుతుంది' అన్నాడు.

గుచ్చితే 30 దాటి చూపించింది. ఆ కుర్రాడు నెలల తరబడి ఆ చారల్ని చూస్తూనే ఉన్నాడు. మీటరు అక్కడ వేరేగా చెబుతోందని అతనికి తెలుసు. కాకపోతే 'మీటరు సరిగ్గా చూపించే చోట' తీసి రాయమని ఎవరో సూపర్‌వైజర్ ఎప్పుడో చెప్పాడట. నిజానికి మీటరు కొంత ఎక్కువే చెప్పింది. 23 ఉన్న చోట 30 చూపించింది. ఆ చారలో లవణాలు ఎక్కువ, కరెంటు తేలిగ్గా పారుతుంది, పైగా పత్తా వేడిగా ఉంటే ఇంకా పెంచి చూపిస్తుంది. అంకె తప్పే, చెప్పిన విషయం నిజం.

ఆ చారను వెట్‌వుడ్ అంటారు. బతికున్న చెట్టు నడుమలో బ్యాక్టీరియా చేరి పెరిగిన కర్ర. పోప్లర్ జాతుల్లో మామూలుగా కనబడే జబ్బే. లోపలి నాళాలు మూసుకుపోయి ఉంటాయి కాబట్టి నీరు కదలదు, ఆరడానికి తెల్ల కర్ర కన్నా ఎంతో ఎక్కువ సమయం పడుతుంది. బలవంతాన వేడి పెట్టి లాగితే కణాలు లోపలికి కుప్పకూలి ఆ అప్పడం ముడతలు వస్తాయి. పులుపు వాసన ఆ బ్యాక్టీరియా చేసే ఆమ్లాలది. ఇలాంటి చెట్లలో మీథేన్ కూడా పుడుతుంది. నిలబడి ఉన్న కాటన్‌వుడ్ మానుకు సన్నని బెజ్జం చేసి అగ్గిపుల్ల చూపిస్తే మంట వచ్చిన ఉదంతాలు అమెరికాలో ఉన్నాయి. నేను ప్రయత్నించలేదు, ఫ్యాక్టరీలో అగ్గిపుల్ల గీస్తే ఉద్యోగం పోతుంది.

జూన్‌లో లేనిది జులైలో ఎందుకు

ఇదే కర్ర, ఇవే చారలు ఎండాకాలంలోనూ ఉన్నాయి. అప్పుడు బబుల్స్ లేవు. కారణం డ్రయ్యర్ కాదు, సూర్యుడు.

ఎండాకాలంలో ఇక్కడ ఏ ఫ్యాక్టరీ వెనక్కి వెళ్లినా పొలాల నిండా పత్తాలే. ఆడవాళ్లు ఒడియాలు తిప్పినట్టు షీట్లు తిప్పుతూ ఉంటారు. ఒలిచిన పత్తా ఒకటి రెండు రోజులు ఎండలో, ఆ తరవాత రెండు మూడు రోజులు గుట్టలో ఉండి డ్రయ్యర్‌కు వచ్చేది. ఆ తీరుబడిలో చారలోని నీళ్లు మెల్లగా పక్కకు, పైకి పాకి సర్దుకునేవి. డ్రయ్యర్ చేసేది చివరి మెరుగు మాత్రమే. 20 శాతం నుంచి 6కి దింపాలంటే కిలో ఎండు కర్రకు 140 గ్రాముల నీళ్లు తీస్తే చాలు.

జులైలో వాన మొదలవగానే పత్తా లేత్ మీది నుంచి నేరుగా డ్రయ్యర్‌కే. 120 శాతం నుంచి 6కి, కిలోకు 1,140 గ్రాములు. ఎనిమిది రెట్లు. మేం డ్రయ్యర్ రోలర్ల వేగం బాగా తగ్గించాం, నిజమే. కానీ ఎంత తగ్గించాలో తెల్ల భాగం రీడింగ్ చూసి ఖాయం చేశాం. తెల్లదానికి సరిపోయిన సమయం చారకు చాలదు.

దీనికి తోడు రాత్రుళ్లు. ఆరబెట్టిన పత్తాను మూడు వైపులా తెరిచి ఉన్న షెడ్డులో పెట్టేవాళ్లం. గాలిలో తేమ 90 శాతం దగ్గర నిలకడగా ఉంటే కర్ర చివరికి 20 శాతం దగ్గర స్థిరపడుతుంది. 2 మి.మీ. పత్తాకు ఎన్నో రోజులు అక్కర్లేదు. గుట్ట పైన పదీ పదిహేను షీట్లు తెల్లారేసరికి మెత్తబడేవి. ప్రతి ఉదయం మొదటి ప్రెస్‌లోనే ఎక్కువ బోర్డులు పోయేవి. మిస్త్రీ దాన్ని 'ప్రెస్ చల్లగా ఉంది' అని సర్దుకునేవాడు.

మందు వికటించిన వారం

ఓవెన్ అంకెలు చూపించగానే ఓనరు ఒక్క మాటలో తేల్చేశాడు: అన్ని పత్తాలూ రెండుసార్లు డ్రయ్యర్ లోంచి పంపండి. చెప్పాలంటే నాకూ అదే తోచింది. బబుల్స్ రెండు రోజుల్లో మాయమయ్యాయి. స్వీట్లు తెప్పించారు.

నాలుగో రోజు బాయిలింగ్ టెస్ట్. బీడబ్ల్యూఆర్ ముక్కల్ని 8 గంటలు మరిగే నీళ్లలో ఉంచి తీసి, జిగురు గీతలో కత్తి దూర్చి విప్పుతాం. మంచి అతుకు అయితే కత్తికి కర్ర నారలు లేస్తాయి. జిగురు దగ్గర శుభ్రంగా ఊడి రాకూడదు. మా ముక్కలు శుభ్రంగా ఊడొచ్చాయి. గోధుమ రంగు జిగురు ఒక వైపు అద్దంలా మిగిలింది, రెండో వైపు కర్రకు అంటనే లేదు.

తెల్ల భాగం ఓవెన్‌లో పెడితే 2 శాతం పైన ఎంతో లేదు. అంత ఎండిన పోప్లర్ పత్తా విరిచిన అప్పడంలా చిట్లుతుంది, పైపెచ్చు జిగురు పూయగానే అందులోని నీళ్లను దాహంతో పీల్చేసుకుంటుంది. ప్రెస్‌లోకి వెళ్లేలోపే జిగురు ఎండి, పారి అవతలి పొరను పట్టుకునే శక్తి పోగొట్టుకుంటుంది. ఎక్కువసేపు వేడి తగిలిన కర్ర ఉపరితలం కూడా మొద్దుబారి జిగురును రానివ్వదు. పొంగిన బోర్డునైతే కళ్లతో చూసి పక్కన పెట్టొచ్చు. ఇది చూడ్డానికి బంగారంలా ఉండి, ఎవరి వంటింట్లోనో రెండేళ్లకు విడిపోతుంది. నన్నడిగితే దీని కన్నా ఆ బబులే నయం. ఆ నాలుగు రోజుల సరుకు గ్రేడు తగ్గించి అమ్మాం. స్వీట్ల సంగతి తరవాత ఎవరూ ఎత్తలేదు.

అప్పుడు గానీ అసలు పని మొదలు కాలేదు. పత్తాలను విడదీయాలి. లేత్ దగ్గరే, ఒలుస్తున్నప్పుడే, నల్ల చార కనబడిన షీట్లు ఒక ట్రాలీలోకి, తెల్లవి ఇంకో దాంట్లోకి. చారలు ఎక్కువగా దుంగ నడుమకు దగ్గరపడ్డాక వస్తాయి కాబట్టి లేత్ పిల్లలకు ఇది రెండు రోజుల్లో పట్టుబడింది. తెల్లవి ఒక్క పాస్. నల్లవి తక్కువ వేడిలో ఒక పాస్, తరవాత కప్పేసిన గుట్టలో ఒక పూర్తి రోజు విశ్రాంతి, ఆ తరవాత రెండో పాస్. ఆ విశ్రాంతే అసలు మందు. చారలో మిగిలిన నీళ్లు పక్కనున్న పొడి కర్రలోకి జరిగి హెచ్చుతగ్గులు తగ్గుతాయి. ఎండాకాలంలో పొలం ఉచితంగా చేసిపెట్టిన పని ఇదే.

షెడ్డుకు మూడు వైపులా టార్పాలిన్ కట్టి, డ్రయ్యర్ వేడి గాలి పైపు ఒకటి లోపలికి తిప్పాం. ప్రెస్ వేడి మళ్లీ 135కి దించాం. ఒత్తిడిని ఒక్కసారిగా వదలకుండా మూడు మెట్లలో వదలమని మిస్త్రీని ఒప్పించడానికి మాత్రం వారం పట్టింది. ప్రతి ప్రెస్‌కు ఒకటిన్నర నిమిషం పోతుంది, అతనికి కూలీ బోర్డుల లెక్కన. ఓనరు ఆ ఒకటిన్నర నిమిషానికి అదనంగా కట్టాక ఒప్పుకున్నాడు. న్యాయమే.

సెప్టెంబర్ మూడో వారానికి రోజుకు ఒకటీ అరా బబుల్ మిగిలింది. సున్నా కాలేదు. బాయిలింగ్ టెస్ట్ పాసవుతోంది, పూర్తయిన బోర్డుల తేమ 8 నుంచి 10 మధ్య ఉంటోంది. ప్లైవుడ్‌కు ఉన్న భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 303 అడిగేది 5 నుంచి 15.

విజయవాడ ఫోను

ఈ గొడవ సద్దుమణుగుతుండగా విజయవాడ నుంచి ఒక డీలరు ఫోన్ చేశాడు. తెలుగువాణ్నని తెలిసినప్పటి నుంచి ఆయన ఓనరుకు కాకుండా నాకే చేస్తాడు.

'ఏం తమ్ముడూ, ఏం సరుకు పంపారు? కబోర్డు తలుపులు విల్లులా వంగాయి. మా కార్పెంటర్ నా మీద ఎగురుతున్నాడు.'

'ఏ నెల సరుకన్నా అది? స్టాంపు చూసి చెప్పండి.'

జులై చివరిది. పొంగకుండా తప్పించుకున్న బోర్డులు. ఫోటోలు పంపమంటే పంపాడు. ఏడడుగుల తలుపు, మధ్యలో వేలు దూరేంత వంపు. బయటివైపు మైకా, లోపలివైపు ఏమీ లేదు.

రెండు పాపాలు కలిశాయి అందులో. ఒకటి మాది. బోర్డు నడుమకు ఒక పక్క పొరలో తడి చార, ఎదుటి పక్క పొరలో పొడి కర్ర. ప్రెస్‌లో రెండూ తిన్నగానే అతుక్కున్నాయి. తరవాత నెల రోజుల్లో చార మెల్లగా ఆరి కుంచించుకుంటూ బోర్డును తన వైపు లాక్కుంది. దానికితోడు ఏటవాలుగా పెరిగిన పోప్లర్‌లో ఒక పక్క టెన్షన్ వుడ్ అని వస్తుంది. ఒలిస్తే పత్తా మీద దూదిలా నూగు లేస్తుంది, గుర్తు పట్టడం తేలిక. మామూలు కర్ర పొడవు వెంట దాదాపు కుంచించుకోదు, ఇది ఎన్నో రెట్లు కుంచించుకుంటుంది. అలాంటి పత్తా ఒక్కటి లోపల పడ్డా పొడవాటి తలుపు నిలవదు.

రెండోది మైకాది. ఒక వైపు మూసేస్తే అక్కడి నుంచి తేమ రాదు, పోదు. రెండో వైపు విజయవాడ గాలి తగులుతూనే ఉంటుంది. వానల్లో గాలి తేమ 80 శాతం దగ్గర నిలిస్తే కర్ర 15, 16కి వెళ్తుంది. తెరిచిన వైపు ఉబ్బి, మూసిన వైపు ఉబ్బకపోతే బోర్డు వంగక ఏం చేస్తుంది?

ఈ రెండో సంగతి చెప్పబోతే ఆయన వినలేదు. 'ముప్ఫై ఏళ్లుగా ఒక వైపే మైకా కొడుతున్నాం తమ్ముడూ' అన్నాడు. ఆయన మాటలో నిజం లేకపోలేదు, అదే పనిమీద మంచి బోర్డులు నిలిచాయి కదా. తలుపులకు బదులు కొత్త బోర్డులు పంపాం. అవి వేసేముందు వారం రోజులు ఇంట్లోనే అడ్డంగా పరిచి ఉంచమని, లోపలివైపు కనీసం పలచని లైనర్ మైకా అయినా అతికించమని ఓనరు సంతకంతో ఒక కాగితం కూడా పెట్టాం. కాగితం ఎవరు చదివారో తెలియదు, ఫోను మాత్రం మళ్లీ రాలేదు.

డ్రయ్యర్ రిజిస్టర్‌లో ఇప్పుడు ఒక గడి పెరిగింది: 'నల్ల చార మీద'. ఆ కుర్రాడే నింపుతాడు. 12 దాటితే పత్తా మీద నీలం సుద్దతో గుండ్రం గీసి అంకె వేస్తాడు, ఆ పత్తా జిగురు రోలర్ దాకా పోదు. మొన్న ఒక షీటు మీద గుండ్రం, అంకె, పక్కన ఒక ఏడుపు మొహం బొమ్మ కూడా వేశాడు.

కొనుగోలు వైపు మాత్రం నేనేమీ మార్చలేకపోయాను. దుంగ చివర్లు చూసి, నల్ల భాగం సగానికి మించితే క్వింటాలుకు ధర తగ్గించాలన్నాను. ఓనరు ఆడ్తీని (దుంగలు కుదిర్చే కమీషన్ ఏజెంటును) పిలిచి అడిగాడు. ఆడ్తీ నవ్వి, పక్క ఫ్యాక్టరీ వాళ్లు నల్లా తెల్లా చూడరని చెప్పి వెళ్లిపోయాడు. డిసెంబర్‌లో పొగమంచు వస్తుంది, అప్పుడు కూడా పొలంలో పత్తా ఎండదు. ఈసారి టార్పాలిన్ నవంబర్‌లోనే కట్టమని చెప్పి ఉంచాను.

నిన్న సాయంత్రం ఒక ట్రాక్టరు ట్రాలీ వచ్చింది. ఆ రోజే నరికిన దుంగలు, చివర్లలో అరచేయంత నల్ల మచ్చలు. గేటు నుంచి ధర్మకాంటా దాకా సిమెంటు మీద సన్నగా నీళ్ల చార పడి ఉంది. దాని పక్కనే నడుచుకుంటూ వెళ్లి స్లిప్పు తీసుకున్నాను. 96 క్వింటాళ్ల 40 కిలోలు.